ముందు రేవు

దుప్పటి అంచు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే అది గాల్లో తెరచాపలా ఉబ్బి, మంచం ఆ కొసదాకా పోయి, ముడత లేకుండా వాలాలి. వాలింది. ఆమె మంచం చుట్టూ తిరిగి పరుపు మూలలు ఒక్కొక్కటే ఎత్తి, దుప్పటి కొసలు లోపలికి దోపి, అరచేత్తో ఒకసారి, ముంజేత్తో ఇంకోసారి సాపు చేసింది. నాలుగో మూల దగ్గర వంగినప్పుడు ఎడమ మోకాలు కలుక్కుమంది.

"ఆగవే, ఇవాళ ఒక్కరోజే," అని దాన్ని గదమాయించి దిండ్ల గలీబులు అందుకుంది.

ఆ ద్వీపంలో ఆమెను అందరూ దుప్పటక్క అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పొట్టి మనిషి, గట్టి మనిషి. భుజాలు మగవాళ్ళ భుజాల్లా వెడల్పు. సబ్బునీళ్ళకీ, బ్లీచింగుకీ నాని నాని వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, అరచేతులు మాత్రం పరిచిన దుప్పట్లలాగే నున్నగా అరిగిపోయాయి. జుట్టు బిగించి వెనక్కి ముడి వేస్తుంది. నీలం రంగు యూనిఫాం కోటు వేసుకుని, కాళ్ళకి మెత్తటి గుడ్డ బూట్లతో ఆమె నడిస్తే అడుగుల చప్పుడు వినబడదు. వినబడకూడదు కూడా. అది రిసార్టు నియమం. పనివాళ్ళు గాలిలా వచ్చి గాలిలా పోవాలి, గది మాత్రం దానంతటదే శుభ్రమైనట్టుండాలి.

చలికాలం వస్తే ద్వీపంలో ఊపిరి తీసుకోవడానికి తీరదు. ఎక్కడెక్కడి చలిదేశాల వాళ్ళూ ముక్కులు ఎర్రగా చేసుకుని, ఉన్ని కోట్లు చేతిమీద వేసుకుని తెల్లపడవ దిగుతారు. రేవులో దిగీదిగగానే "ఆహా, ఎంత వెచ్చగా ఉందో!" అంటారు. అలా అన్నవాళ్ళే కాటేజీలోకి అడుగుపెట్టి ఏసీని అడుగంటా తిప్పేస్తారు. కాసేపటికి గది మంచుగడ్డ అవుతుంది. అప్పుడు "ఇంకో రజాయి కావాలి" అని ఫోను చేస్తారు.

"చలికి పారిపోయి వచ్చి, మళ్ళీ చలినే కొనుక్కుని, దానిమీద రజాయి కప్పుకునే తెలివి వీళ్ళకి తప్ప ఎవరికుంటుంది?" అని దుప్పటక్క ఇస్త్రీ గదిలో అంటే అందరూ నవ్వేవాళ్ళు.

నవ్వేవాళ్ళు పడుకునేది మాత్రం ద్వీపానికి వెనకవైపు, జనరేటరు పక్కన, రేకుల కప్పు కింద. అక్కడ రజాయి సంగతి దేవుడెరుగు, ఒంటిమీద చొక్కా కూడా బరువే. సముద్రం నాలుగువైపులా ఉన్నా గాలి మాత్రం అతిథుల వైపే వీస్తుందని వాళ్ళు చెప్పుకునే హాస్యం. ఇన్నేళ్ళలో దుప్పటక్క పరిచిన రజాయిలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే దీపస్తంభం అంత ఎత్తు అవుతాయేమో. వాటిలో ఒక్కటీ ఆమె కప్పుకోలేదు. కప్పుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు, చెల్లెలు ఆ మాట అనేదాకా.

చెల్లెలు ఎక్కడో కొండమీది చిన్న ఊళ్ళో, బస్టాండుకి ఎదురుగా రెండు గదుల ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. ఆమెకీ ఎవరూ లేరు. క్రిందటి వానాకాలంలో ఒక సాయంత్రం ఫోనులో మాటల మధ్య అంది, "ఇక్కడ చలికాలం వస్తే పొద్దెక్కినా పొగమంచు విడవదే అక్కా. దుప్పట్లోంచి ముక్కు బయటపెట్టాలంటే ఏడుపొస్తుంది. బేరాలుండవు. నేనైతే లేవనే లేవను."

ఆ "లేవనే లేవను" అన్న మాట దుప్పటక్క చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. చలికాలంలో లేవకపోవడం! తెల్లారాక కూడా పడుకునే ఉండడం! అలాంటి పని మనుషులు చేస్తారని తెలుసు, చేసేవాళ్ళ పక్కలు రోజూ ఎత్తుతూనే ఉంది. కానీ తన చెల్లెలు, తన తోబుట్టువు, ఒక బట్టలు కుట్టే మనిషి కూడా చేస్తుందని ఆ రోజే తెలిసింది. మర్నాడే వెళ్ళి మేనేజరుకి చెప్పింది, చలికాలం మధ్యలో పని మానేస్తున్నానని.

మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "సీజన్ మధ్యలోనా? అందరూ సీజన్ అయ్యాక మానతారు కదమ్మా," అన్నాడు.

"సీజన్ అయ్యాక చలి కూడా అయిపోతుంది బాబూ. మానేస్తున్నానని కాదు, సెలవుకి పోతున్నానని అనుకోండి. అందరూ చలికాలం సెలవుకి ఇక్కడికొస్తారు. నేను ఇక్కణ్ణించి పోతాను."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ముసలావిడ వేళాకోళం ఆడుతోందనుకున్నాడు. వేళాకోళం కాదని తేలేసరికి ఆ రోజు వచ్చేసింది. అదే ఈ రోజు.

గలీబులు తొడగడం అయ్యేసరికి స్నానాల గదిలోంచి పెద్దావిడ తల తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడా, భర్తా ఏటా చలికాలం వస్తారు, ఇదే కాటేజీ తీసుకుంటారు. భర్త బయట వాలుకుర్చీలో టోపీ ముఖంమీద బోర్లించుకుని పడుకున్నాడు. ఆయన వచ్చిన పనే అది. "విశ్రాంతి తీసుకుంటున్నారు, కదిలించకు" అని ఆవిడ రోజూ చెబుతుంది, ఆయనేదో బరువు మోస్తున్నట్టు.

"నేను ఇవాళ వెళ్ళిపోతున్నానమ్మా," అంది దుప్పటక్క. చెప్పకుండా పోవడం బాగోదనిపించింది.

"ఎక్కడికి?"

"పని మానేశాను. మా చెల్లెలి దగ్గరికి."

పెద్దావిడ తువ్వాలు చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

"అయ్యో! మరి రేపట్నించి మా గది ఎవరు సర్దుతారు?"

దుప్పటక్కకి నవ్వొచ్చింది. కోపం రావాలి న్యాయానికి. కానీ ఆవిడ ముఖం చూస్తే బొమ్మ పోగొట్టుకున్న చంటిపిల్లలా ఉంది. "ఎవరో ఒకరు వస్తారమ్మా. గాలి ఆగదుగా," అని మాసిన దుప్పట్ల మూట చక్రాల బండిలో పడేసి బయటికి నడిచింది.

ఆ ద్వీపానికి రెండు రేవులున్నాయి. ముందు రేవు తెల్లరాళ్ళతో కట్టింది. రెండువైపులా పూలకుండీలు, నునుపు చేసిన చెక్క పిట్టగోడ, నడుమ నీడకి గొడుగు పందిరి. తెల్లపడవ అక్కడే ఆగుతుంది. వెనక రేవు చెక్కలది. సగం చెక్కలు ఊడిపోయి, చేపల వాసన, డీజిలు వాసన కలిసి ముక్కు పగులుతుంది. సామాన్ల పడవ అక్కడ ఆగుతుంది. కూరగాయల బుట్టలు, గ్యాసు బండలు, మాసిన బట్టల మూటలు, చెత్త సంచులు, పనివాళ్ళు, అన్నీ ఆ రేవు నుంచే వచ్చి ఆ రేవు నుంచే పోతాయి.

తెల్లపడవ బయల్దేరే ప్రతిసారీ వీడ్కోలు వరస నిలబడాలి. నీలం కోట్ల వాళ్ళంతా పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా నిలబడి, పడవ రాళ్ళ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాలి. ఆ ఊపడానికీ తరిఫీదు ఉంది. చెయ్యి భుజం దాటి పైకి పోకూడదు. విసరకూడదు. పిలుస్తున్నట్టు ఉండకూడదు, తోలుతున్నట్టు అసలు ఉండకూడదు. గాలికి ఆకు ఊగినట్టుండాలి. పడవలో ఉన్నవాళ్ళు తిరిగి ఊపినా ఊపకపోయినా నవ్వు చెరగకూడదు. పొట్టి మనిషి కాబట్టి దుప్పటక్క ఆ వరసలో ఎప్పుడూ మొదటిది.

పనివాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు మాత్రం వెనక రేవులో ఎవరూ నిలబడరు. అది పని వేళ.

ఆమె మొగుడు కూడా వెనక రేవు నుంచే వెళ్ళాడు.

రిసార్టు కడుతున్న రోజుల్లో ముగ్గురూ కలిసి కూలికి వచ్చారు, ఆమె, మొగుడు, బావగారు. కట్టడం అయ్యాక అన్నదమ్ములిద్దరికీ అక్కడే పని దొరికింది. బావగారికి ఇస్త్రీ, ఆయనకి తోట. ఆమెకి దుప్పట్లు. మొగుడు సన్నటి మనిషి, మాట్లాడేది తక్కువ, మొక్కలతో గొణుక్కోవడం ఎక్కువ. కాటేజీల మధ్య ఎర్రపూల కంచె ఆయన నాటిందే. ఒక చలికాలం మధ్యాహ్నం ఆ కంచెకి కత్తెర వేస్తూ వేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. బావగారు పరిగెత్తుకొచ్చి తమ్ముణ్ణి భుజాన వేసుకుని ముందు రేవు వైపు పరిగెత్తాడు. తెల్లపడవ అక్కడే ఉంది. ఇంజను కూడా వేసి ఉంది. అతిథులు ఎక్కుతున్నారు.

అప్పటి మేనేజరు వేరే. ఆయన చేతులు అడ్డం పెట్టి, "ఇటు కాదు, అటు. చూస్తే భయపడతారు," అన్నాడు. గొంతు పెంచలేదు. చాలా మెల్లగా అన్నాడు.

అటు తీసుకుపోయారు. సామాన్ల పడవ సరుకు దింపుకుని, మూటలు ఎక్కించుకుని, తాపీగా కదిలింది. ఆయన్ని మాసిన దుప్పట్ల మూటలమీద పడుకోబెట్టారు. ఆ ఉదయం ఆమె పక్కలమీంచి లాగిన దుప్పట్లే అవి. అత్తరు వాసన, కొబ్బరినూనె వాసన. పక్కనే కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఒడ్డున ఇళ్ళు కనబడుతుండగానే ఆ చెయ్యి చల్లబడింది. తలెత్తి చూస్తే, ఎప్పుడో దాటిపోయిన తెల్లపడవ ఖాళీగా తిరిగొస్తోంది.

ఆ తర్వాత ఆమె అక్కడే ఎందుకు ఉండిపోయిందంటే ఆమెకే తెలియదు. ఎక్కడికి పోతుంది? కంచె పూసినప్పుడల్లా పోదామనుకోవడం, పూలు రాలేదాకా ఆగుదామనుకోవడం. అది ఏడాది పొడుగునా పూసే మొక్క.

మధ్యాహ్నం భోజనాల వేళ, చేతులు కడుక్కుని, కోటు విడిచి సొంత బట్టలు కట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. గది నిండా సముద్రం ఫొటోలు. కిటికీలోంచి చూస్తే అసలు సముద్రమే కనిపిస్తుంది గానీ ఆయన కుర్చీ దానికి వీపు పెట్టి ఉంటుంది.

"వెళ్ళొస్తాను బాబూ. ఒక్కమాట. నేను ముందు రేవు నుంచి పోతాను."

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో సర్దుకున్నాడు.

"అలా కుదరదమ్మా. స్టాఫంతా వెనక రేవు నుంచే కదా. రూలు."

"ఎవరు పెట్టారు?"

"నేను రాకముందు నుంచీ ఉంది."

"నేను మీ రూలు రాకముందు నుంచీ ఉన్నాను."

ఆయన చెమట తుడుచుకున్నాడు, ఏసీ గదిలోనే. "చూడమ్మా, మీరంటే నాకు గౌరవం. మీరు వెళ్ళేముందు కేకు తెప్పిద్దామనుకున్నాను. అందరం కలిసి కోద్దాం. సామాన్ల పడవలో కుషను వేయిస్తాను. కావాలంటే కుర్చీ కూడా వేయిస్తాను."

"కేకు మీరు తినండి బాబూ. నాకు తీపి పడదు. నేనడిగేది పడవలో ఒక్క చోటు. ఇవాళ తెల్లపడవలో సగం చోట్లు ఖాళీయే. సరంగుని అడిగాను."

"చోటు గురించి కాదు కదా. ఇవాళ మీకిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు."

"అడగనివ్వండి. అడిగితే అరిగిపోతుందా ఆ రేవు?"

మేనేజరు కాసేపు బల్లమీది పెన్ను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చాలా మెల్లగా, దాదాపు అనునయంగా అన్నాడు.

"మీరైతే వెళ్ళిపోతున్నారు. మీ బావగారు ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారు కదమ్మా. ఈ వయసులో ఆయనకి ఇబ్బంది రాకుండా చూసుకోవాలి... మనమంతా."

ఆ మెత్తదనం ఆమెకి కొత్తకాదు. వెనక్కి తిరిగి బయటికి నడిచింది. తలుపు మాత్రం వెయ్యలేదు. ఏసీ చలంతా ఎండలోకి పోతే పోనీ అనుకుంది.

ఇస్త్రీ గది వంటింటి వెనక ఉంటుంది. లోపలికి అడుగుపెడితే ఆవిరి ముఖాన కొడుతుంది. బావగారు బల్లముందు నిలబడి భోజనాల బల్లగుడ్డలమీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఎముకలమీద చర్మం తప్ప మరేం లేదు, ఆ చర్మం కూడా ఆవిరికి ఉడికి ఉడికి కంచులా మెరుస్తుంది. ఒంటిమీద చిల్లుల బనియను, మెడలో తుండుగుడ్డ. ఇన్నేళ్ళలో ఆయన ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. "చెప్పినట్టు చేస్తే చెడిపోయేది చెప్పినవాడే" అనేది ఆయన సిద్ధాంతం. ముందు రేవు ఆలోచన మొదట చెప్పినప్పుడు కూడా ఆయన ఒప్పుకోలేదు. "ఏ రేవైతే ఏంటమ్మా, ఒడ్డు చేరడం ముఖ్యం గానీ" అన్నాడు.

"బావగారూ, వెనక రేవు నుంచే పోతాన్లెండి," అంది దుప్పటక్క గడపలోనే నిలబడి.

పెట్టె ఆగింది. "పొద్దున దాకా ముందు రేవన్నావు."

"మీరేగా అన్నారు, ఏ రేవైతే ఏంటని."

"నేనన్నది నువ్వెప్పుడు విన్నావు?" బావగారు పెట్టె నిలబెట్టి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ ఆమె వైపు చూశాడు. "మేనేజరేమన్నాడు?"

"కుదరదన్నాడు."

"కుదరదంటే ఊరుకునే మనిషివా నువ్వు? ఇంకేమన్నాడు?"

ఆమె బల్లమీద మడిచిన గుడ్డ తీసి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఏమీ అనలేదు. నాకే ఓపిక లేదు. మోకాలు నొప్పి. వెనక రేవు దగ్గర."

వెనక రేవు దగ్గర కాదు. రెండూ ఒకటే దూరం. బావగారికి ఆ సంగతి తెలుసు. పెట్టె తీగ ఊడదీసి, చుట్టి, గోడమీది మేకుకి తగిలించాడు. పగటిపూట ఆ తీగ ఊడడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నీ ట్రంకుపెట్టెక్కడ పెట్టావు?"

"గది బయట. నేను తెచ్చుకుంటాను బావగారూ. మీ పని చూసుకోండి."

ఆయన విననట్టే నడిచాడు. రేకుల గది ముందున్న ఆమె ట్రంకుపెట్టె ఎత్తి, తుండుగుడ్డ చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని, దానిమీద పెట్టె ఎక్కించుకున్నాడు. మోకాళ్ళు వణికాయి గానీ నిలదొక్కుకున్నాడు. ఆమె చేతిసంచీ తీసుకుని వెనకాల నడిచింది. వంటింటి వెనకనుంచి దారి కాస్త దూరం పోయి రెండుగా చీలుతుంది. ఎడమవైపు మట్టిదారి వెనక రేవుకి. కుడివైపు తెల్లగులకరాళ్ళ దారి, ఎర్రపూల కంచె పక్కగా కాటేజీల మధ్యనుంచి ముందు రేవుకి. వెనకవైపు పనివాళ్ళు, వంటవాళ్ళూ ఇస్త్రీవాళ్ళూ అంట్లవాళ్ళూ, గులకరాళ్ళమీద అడుగు పెట్టకూడదు.

బావగారు కుడివైపు తిరిగాడు.

"బావగారూ, అటు కాదు!"

"నాకు దారి తెలుసు."

"వద్దండీ. నా మాట వినండి. మీ పని పోతుంది."

"అదీ సంగతి. అదీ వాడన్నమాట." ఆయన ఆగలేదు. తల తిప్పడానికి లేదు, నెత్తిన పెట్టె ఉంది. ముందుకే చూస్తూ మాట్లాడాడు. "ఆ రేవు రాళ్ళు మోసింది ఈ నెత్తేనమ్మా. అప్పుడు ఎవరూ ఇటు కాదు, అటు అనలేదు. మా తమ్ముణ్ణి భుజానేసుకుని వస్తే అన్నారు. నేను మారుమాట్లాడకుండా తిరిగి అటు పోయాను. ఇవాళ మాత్రం పోను."

"పని పోతే ఏం చేస్తారు?"

"చలికాలం నడుమ ఇస్త్రీ చేసేవాడు ఎవడు దొరుకుతాడు వాళ్ళకి? వాళ్ళ తిప్పలు వాళ్ళవి. దొరికినా దిగుల్లేదు. మీ చెల్లెలు కుట్టే బట్టలకి ఇస్త్రీ వద్దూ?"

పెట్టెకింద ఆయన మెడనరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. ఆమె వెనక నడవడం మాని పక్కకి వచ్చి నడిచింది. గులకరాళ్ళు కరకరలాడాయి. ఆ దారిన ఆమె ఎప్పుడూ గుడ్డ బూట్లతో చప్పుడు లేకుండా నడిచింది. ఇవాళ తోలుచెప్పులు. ఎంత చప్పుడు చేస్తాయో ఇవాళే తెలిసింది. వాలుకుర్చీలో పెద్దాయన టోపీ కాస్త ఎత్తి చూశాడు. నెత్తిన ట్రంకుపెట్టెతో బనియను ముసలాయనా, పక్కన ఆమే. మళ్ళీ టోపీ దించుకున్నాడు. భయపడినట్టేమీ కనిపించలేదు.

ముందు రేవులో వీడ్కోలు వరస అప్పటికే నిలబడి ఉంది. వరస మొదట్లో పొట్టి మనిషి చోటు ఖాళీ. తెల్లపడవలో అతిథులు ఎక్కేశారు. ఎండకి కాలి ఎర్రబడిన ముఖాలతో, సెలవు అయిపోయిందన్న దిగులుతో, ఎవరి ఫోన్లలో వాళ్ళున్నారు. మేనేజరు గొడుగు పందిరి కింద నిలబడి చేతులు జోడిస్తున్నాడు. బావగార్ని చూడగానే ఆయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ముఖంమీద నవ్వు కూడా అలాగే ఉండిపోయింది. దాన్ని తియ్యడానికి వీల్లేదు, అతిథులు చూస్తున్నారు.

"అమ్మా," అన్నాడు నవ్వుతూనే, పెదవులు కదిలీ కదలకుండా. "ఏమిటిది? దయచేసి..."

"ఏం లేదు బాబూ," అంది దుప్పటక్క, తనూ నవ్వుతూనే, అంతకంటే మెల్లగా. ఇన్నేళ్ళు నవ్విన నవ్వది, వరసలో మొదట నిలబడి. కావాలంటే పొద్దుగూకేదాకా నిలుపుకోగలదు. "వెళ్ళొస్తాను."

"నేను ఇందాక చెప్పాను కదమ్మా..."

"చెప్పారు. మీకు కావాలంటే గట్టిగా చెప్పండి. అందరూ వింటారు."

గట్టిగా చెప్పడం ఎలాగ? ద్వీపంలో గొంతు పెంచకూడదన్న రూలు అన్నిటికంటే పెద్దది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి అతనిమీద జాలి కూడా కలిగింది. చేతులు అడ్డం పెట్టలేదు, అంతవరకు నయం.

బావగారు ట్రంకుపెట్టె పడవ అంచున దించాడు. సరంగు దాన్ని చూసి, మేనేజర్ని చూసి, ఆమెని చూశాడు.

"అక్కా, నన్ను ఇరికిస్తున్నావు."

"పడవ నడిపేవాడి చూపు ముందుకుండాలి తమ్ముడూ. వెనకెవరెక్కారో నీకెందుకు?"

సరంగు మీసాల చాటున నవ్వుకుని పెట్టె లోపలికి లాగాడు.

వరస చివర స్వాగతం పిల్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. దిగేవాళ్ళకీ ఎక్కేవాళ్ళకీ చల్లటి గ్లాసు ఇవ్వడం ఆ పిల్ల పని. అందరికీ ఇవ్వగా పళ్ళెంలో ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల మేనేజరు వైపు చూడలేదు. చూస్తే ఇవ్వలేనని తెలుసు కాబోలు.

"అక్కా, తీసుకో," అంది.

దుప్పటక్క గ్లాసు అందుకుంది. పొడుగు గ్లాసు, చలికి ఒళ్ళంతా చెమటలు పట్టి ఉంది. ఇలాంటివి గదుల్లో ఎన్ని ఏరిందో, సగం తాగి సిగరెట్టు ముంచినవి, సబ్బుపెట్టె పక్కన మరిచినవి, మంచం కింద దొర్లినవి. నిండు గ్లాసు చేతిలోకి రావడం ఇదే. ఎత్తి గటగటా తాగేసింది.

"మరీ తియ్యగా ఉందే," అంది మూతి తుడుచుకుంటూ. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

గ్లాసు పళ్ళెంలో పెట్టబోయి ఆగింది. అతిథులెవరూ పళ్ళెంలో పెట్టరు. పిట్టగోడమీద పెట్టి బావగారి వైపు తిరిగింది. ఏదో చెప్పాలనుకుంది. ఆయన తుండుగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ ఎక్కడో చూస్తున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడేమో, చెమటో కన్నీరో చెప్పడం కష్టం.

"పో పో. ఆలస్యమైతే వాళ్ళకి విశ్రాంతి చెడుతుంది," అన్నాడు.

ఆమె పడవలో అడుగుపెట్టింది. ఒకాయన పక్కచోటులో సంచీ పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"కాస్త జరగండి బాబూ," అంది.

ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతే. ఇన్నేళ్ళు కొండ అనుకున్నది, ఒక సంచీ జరిగితే సరిపోయింది. ఆమె కూర్చుంది. మెత్తటి దిండు, ఎత్తు సరిగ్గా మోకాళ్ళకి సుఖంగా ఉంది.

ఇంజను గుర్రుమంది. వీడ్కోలు వరస చేతులు లేచాయి, భుజం దాటకుండా, గాలికి ఆకు ఊగినట్టు. మేనేజరు చెయ్యి కూడా లేచింది. తెల్లపడవకి చెయ్యి ఊపకపోవడం ఆయన రూలుకే విరుద్ధం. ఒక్క క్షణం అంతా రోజూ ఉన్నట్టే ఉంది.

బావగారు ఏ వరసలోనూ నిలబడి ఎరగనివాడు. ఆయనకి ఆకులూ గాలీ తెలియవు. రేవు కొసదాకా నడిచొచ్చి, తుండుగుడ్డ నెత్తిమీదకెత్తి, పొలంలో పిట్టల్ని తోలినట్టు బారెడు బారెడున తిప్పాడు. అది చూసి స్వాగతం పిల్ల పళ్ళెం ఎత్తి ఊపింది. ఆ పక్కవాడు రెండు చేతులూ ఎత్తాడు. వరస చెదిరింది. అందరూ కొసకి పరిగెత్తారు. ఎవరో గట్టిగా "దుప్పటక్కా!" అని కేక పెట్టారు. ముందు రేవులో అంత పెద్ద గొంతు ఎన్నడూ వినబడలేదు. వెనకాలే ఇంకో గొంతు, "లేవకు! పొద్దెక్కేదాకా లేవకు!"

పడవలో వాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తారు. తమకే అనుకుని ఇద్దరు ముగ్గురు చేతులూపారు.

దుప్పటక్క ఊపలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వీపు వెనక్కి వాల్చి, దర్జాగా కూర్చుంది. ఊపించుకోవడం ఇవాళ తన వంతు. బావగార్ని మాత్రం ఊరికే వదల్లేకపోయింది. లేచి నిలబడి, నోటిచుట్టూ అరచేతులు పెట్టుకుని, ద్వీపమంతా వినేలా అరిచింది.

"రాత్రి మాత్రలు మరిచిపోకండి బావగారూ!"

పక్కనున్నాయన ఉలిక్కిపడి చెవి రుద్దుకున్నాడు. ఆమె మళ్ళీ కూర్చుంది.

పడవ రాళ్ళ మలుపు వైపు తిరుగుతుంటే గాలి తగిలింది. చల్లటి గాలి కాదు, కానీ ఎదురుగాలి. వెనక్కి చూసింది. జనం ఇంకా రేవు కొసనే ఉన్నారు. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియడం లేదు, తుండుగుడ్డ ఒక్కటే తెల్లగా తెలుస్తోంది. వాళ్ళంతా కొసకి వచ్చేశారు గనక గొడుగు పందిరి కింద ఖాళీ. అక్కడ పిట్టగోడమీద తాను తాగిన గ్లాసు ఉంది, ఎవరూ తియ్యలేదు. అడుగున మంచుముక్క ఇంకా మిగిలే ఉందేమో, ఎండ పడి మెరుస్తోంది.